మా మరిది ఇరవై నిమిషాలు

మా మరిది గడియారాలు బాగుచేసేవాడు. మనిషి పొట్టి, మాట పొదుపు, చొక్కా మాత్రం ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగనిది. ఊళ్లో సగంమంది చేతి వాచీలు ఏదో ఒకరోజు అతని బల్లమీద పొట్ట విప్పుకుని పడుకున్నవే. అయినా అతని గురించి చెప్పాలంటే దుకాణంతో మొదలుపెట్టకూడదు, గురువారంతో మొదలుపెట్టాలి. మిగతా ఆరు రోజులూ ఆ ఒక్కరోజు కోసమే బతికిన మనిషి.

గురువారం పొద్దున్న ఏడింటికి సేవా క్లబ్బు సమావేశం. అచ్చాఫీసు మేడమీద పొడుగాటి హాలు, మూడు బల్లలు కలిపి వేసిన ఒకే పెద్ద బల్ల, చుట్టూ పాతిక కుర్చీలు. ముందు ఫలహారం, తర్వాత అతిథి ప్రసంగం, ఆ తర్వాత ఎవరికి కళ్లద్దాలు ఇప్పించాలి, ఏ బడికి బల్లలు చేయించాలి అన్న మాటలు. ఎనిమిదికల్లా అందరూ మెట్లు దిగిపోవాలి. ఎందుకంటే ఎనిమిదికి కింద అచ్చుయంత్రాలు మొదలవుతాయి. అవి మొదలైతే నేల అదురుతుంది, కప్పుల్లో టీ సాసర్లలోకి ఒలుకుతుంది, ఎంత గొప్పవాడు మాట్లాడుతున్నా పెదవులు కదలడమే తప్ప మాట వినపడదు. అందుకని అతిథికి ఇరవై నిమిషాలే. ఏడూ ఇరవై ఐదుకి లేవాలి, ఏడూ నలభై ఐదుకి కూర్చోవాలి.

ఆ ఇరవై నిమిషాలకీ కాపలా మా మరిది. అతని దగ్గర వెండి మూత ఉన్న జేబు గడియారం ఒకటి ఉండేది. అతిథి లేవగానే దాని మూత తెరిచి బల్లమీద పెట్టేవాడు. ఇరవై నిమిషాలు కాగానే మూత మూసేవాడు. టక్. అంతే. ఒక్క మాట అనేవాడు కాదు, దగ్గేవాడు కాదు. ఆ చప్పుడు వినగానే ఎంతటివాడైనా కూర్చోవలసిందే. ఒకసారి ఒక జడ్జిగారు తీర్పు చెప్పబోతున్నట్టు వేలెత్తారు. టక్. ఎత్తిన వేలు ఎత్తినట్టే ఉంచుకుని కూర్చున్నారు. ఇంకోసారి ఒక పెద్దాఫీసరు "చివరిగా ఒకే ఒక్క మాట" అన్నాడు. టక్. ఆ ఒక్క మాట ఏమిటో ఈనాటికీ ఎవరికీ తెలియదు. తెలియకపోయినా ఎవరికీ ఏ లోటూ రాలేదు.

అసలతను క్లబ్బులో చేరడమే తమాషాగా జరిగింది. హాలు గోడమీది గడియారం ఆగిపోయి రెండేళ్లయితే బాగుచేయడానికి పిలిచారు. నిచ్చెనెక్కి పని చేస్తున్నాడు. కింద ఎవరో సహనం గురించి మాట్లాడుతూ అందరి సహనాన్నీ పీల్చేస్తున్నారు. మరిది గడియారం ముల్లు తిప్పి ఎనిమిది గంటలూ కొట్టించాడు. వక్త ఉలిక్కిపడి కూర్చున్నాడు. ఆ వారమే అతన్ని సభ్యుణ్ణి చేసుకున్నారు. ఒక్కో వృత్తికి ఒక్కరే సభ్యుడన్నది వాళ్ల నియమం. ఒక డాక్టరు, ఒక వకీలు, ఒక హెడ్మాస్టరు, ఒక సిమెంటు వ్యాపారి. గడియారాల కుర్చీ ఖాళీగా ఉంది, అది మావాడిదయింది.

నా సంగతికొస్తే, అప్పట్లో వాళ్లకి ఫలహారం హోటలు నుంచి వచ్చేది. ఆ రొట్టె తినడానికి కాదు, చెప్పుకి అడుగు వేయించుకోవడానికి పనికొస్తుంది. ఇతగాడు నన్ను ఒక్క మాట అడక్కుండా "మా వదిన చేస్తుంది" అనేసి వచ్చాడు. మూడు రోజులు తిట్టాను, నాలుగో రోజు వెళ్లాను. రొట్టె, గుడ్లు, ఉడకేసిన దుంపలు, పళ్లు, టీ. హాలు వెనక వంటగది. మధ్య గోడలో కంచాలు అందించడానికి ఒక చిన్న కిటికీ. ముప్పై ఏళ్లు దాటి ఆ కిటికీ దగ్గర నిలబడ్డాను. మరిది వదినా అంటాడు కనుక క్లబ్బంతటికీ వదిననే అయ్యాను. నాకంటే పదేళ్లు పెద్దవాడైన వకీలు కూడా "వదినగారూ, ఇంకో గుడ్డు" అనేవాడు.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. మిగిలిన చదువంతా ఆ కిటికీలోంచే వచ్చింది. రైలు గార్డు ఒకాయన ముప్పై ఏళ్ల ఉద్యోగంలో తన బండి ఇంజన్ని తాను ఎదురుగా చూసింది నాలుగుసార్లేనని చెప్పాడు. లైటుహౌసు మనిషి తనకి చీకటంటే భయమన్నాడు. బావులు తవ్వేవాడు మట్టి వాసన చూసి నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో చెప్పే పద్ధతి చెప్పాడు. అందరూ అలాంటివాళ్లే అనుకోకండి. పొద్దున్నే లేవడం గురించి మాట్లాడవలసినాయన పావుగంట ఆలస్యంగా వచ్చాడు. మితాహారం గురించి చెప్పినాయన వెళ్తూ వెళ్తూ రెండు గుడ్లు జేబులో వేసుకున్నాడు. నేను చూశానని అతనికి తెలుసు, నేను చూసినట్టు అతను చూశాడని నాకూ తెలుసు.

ఈ అతిథుల్ని వెతికి తెచ్చేది కూడా మా మరిదే. దానికీ ఒక కారణం ఉంది. ప్రతి సభ్యుడూ ఒక్కసారైనా తన వృత్తి గురించి తానే ప్రసంగించాలని ఇంకో నియమం. మావాడికి నలుగురిలో లేచి నిలబడితే నాలుక పిడచకట్టుకుపోతుంది. దుకాణంలో కంటికి భూతద్దం బిగించుకుంటే మాట్లాడతాడు, తల పైకెత్తితే ఆగిపోతాడు. మా తోడికోడలు బతికున్నన్నాళ్లూ అనేది: "ఈయన నాతో మాట్లాడాలంటే నేను వాచీనై పుట్టి ఉండాలక్కా, పైగా చెడిపోయి కూడా ఉండాలి." అందుకని తన వంతు వచ్చినప్పుడల్లా తనకి బదులు ఎవరో ఒక మంచి అతిథిని పట్టుకొచ్చేవాడు. ఏటేటా అలా తప్పించుకుంటూ పోయి చివరికి అందరి వంతులకీ అతిథుల్ని అతనే తేవడం అలవాటైంది. నాలుగు నెలల ముందే జాబితా రాసి గోడకి తగిలించేవాడు.

ఇక్కడ మా ఆయన సంగతి ఒక్కటి చెప్పాలి. ఆయన ఎక్కడికి వెళ్లినా నాలుగు నిమిషాలు ఆలస్యం. ఆఫీసుకి, ఆసుపత్రికి, ఆఖరికి మా పెళ్లికి కూడా. మూడు కాదు, అయిదు కాదు, నాలుగు. గడియారాలు బాగుచేసేవాడి అన్నగారికి టైము తెలియకపోవడమేమిటని నేను దెప్పని రోజు లేదు. ఆయన నవ్వేవారు, చేతి వాచీ వంక చూసుకునేవారు, "నా వాచీలో సరిగ్గానే ఉందే" అనేవారు. ఆ నవ్వుతో నా ఒళ్లు మరింత మండేది. ఆయన పోయాక ఆ వాచీ నా బీరువాలో పెట్టుకున్నాను. అప్పుడప్పుడు తీసి కీ ఇస్తాను.

మరిదికి అరవై ఆరేళ్లప్పుడు చేతులు వణకడం మొదలైంది. గడియారాలవాడికి చేయి వణికితే ఇంకేముంది. ఒక బుధవారం సాయంత్రం దుకాణం పలక దించి తాళం నా చేతిలో పెట్టాడు. మర్నాడు గురువారం కదా, ఇస్త్రీ చొక్కా కుర్చీకి తగిలించుకుని పడుకున్నాడు.

ఆ ఏడు క్లబ్బు అధ్యక్షుడు పళ్ల డాక్టరు. కుర్రవాడు, మర్యాదస్థుడు, నియమాలూ సభ్యుల పేజీలూ ఉన్న క్లబ్బు రిజిస్టరుని మొదటి నుంచి చివరిదాకా చదివిన మొట్టమొదటి అధ్యక్షుడు. వృత్తి మానేసినవాడు కుర్చీ ఖాళీ చేయాలని అందులో ఉంది. ఫోన్లు బాగుచేసే అబ్బాయి ఒకడు ఆ కుర్చీ ఇప్పించమని తిరుగుతున్నాడు. అయితే సొంత వృత్తి గురించి ప్రసంగించనిదే ఏ సభ్యుడి పేజీ మూసి పంపేయకూడదని కూడా అదే రిజిస్టరులో ఉంది. డాక్టరు మా మరిదిని పక్కకి పిలిచి మెత్తగా చెప్పాడట. వచ్చే గురువారం మీరు మాట్లాడండి, అతిథి స్థానంలో కూర్చోండి, పూలగుత్తి ఇస్తాం, గౌరవంగా పేజీ మూసుకుందాం అని. ఊడబెరికే ముందు మత్తుసూది ఇవ్వడం వాళ్ల వృత్తిలో ఉన్నదే.

దారిలో మరిది ఈ సంగతి చెబితే నాకు తల తిరిగింది.

"మాట్లాడనని చెప్పు. మాట్లాడకపోతే పేజీ మూయలేరు కదా?"

"ముప్పై నాలుగేళ్లు తప్పించుకున్నాను వదినా. ఇంకా తప్పించుకుంటే బాగుండదు. నియమం నియమమే."

"నియమం పట్టుకుని గురువారం పొద్దున్న ఏం చేస్తావు? గోడలు చూస్తూ కూర్చుంటావా?"

కాసేపు నడిచాక, "అన్నయ్య వాచీ ఒక్కరోజు ఇస్తావా?" అన్నాడు. అంతే. ఎందుకో అడక్కుండానే బీరువాలోంచి తీసి ఇచ్చాను.

గురువారం వచ్చింది. అతను అతిథి కుర్చీలో కూర్చున్నాడు. మరి మూత ఎవరు మూయాలి? ఎవరికి వాళ్లు నాకొద్దంటే నాకొద్దన్నారు. అతని మాట మీద మూత వేసే పాపం ఎవరు మూటగట్టుకుంటారు? అప్పుడు మా మరిది వంటగది గుమ్మంలోకొచ్చి ఆ వెండి గడియారం నా చేతిలో పెట్టాడు. "నువ్వైతే మొహమాటపడవు" అన్నాడు. నిజమే, మొహమాటం నా జాతకంలో లేదు. చేయి తుడుచుకుని వెళ్లి అతను ముప్పై నాలుగేళ్లు కూర్చున్న కుర్చీలో కూర్చున్నాను. ఆ హాలుని కిటికీలోంచి కాకుండా చూడడం నాకదే మొదటిసారి. అటువైపు నుంచి నేను కాచిన టీ ఎంత పలచగా కనిపిస్తుందో కూడా ఆ రోజే తెలిసింది.

అతను నా దగ్గర ఒక తెల్ల ప్లేటు అడిగి తీసుకున్నాడు. దానిమీద మా ఆయన వాచీ పెట్టాడు. ఒక నిమిషం పోయింది. సిమెంటు వ్యాపారి జాలిగా టీ కలుపుకున్నాడు, చక్కెర వేసుకోకుండానే. అప్పుడు మా మరిది జేబులోంచి భూతద్దం తీసి కంటికి బిగించాడు. మనుషులందరూ మసకైపోయి ఉంటారు, వాచీ ఒక్కటే మిగిలి ఉంటుంది. మాట మొదలైంది.

మొదట వాచీ గురించే చెప్పాడు. వణికే చేత్తోనే వెనక మూత విప్పి, లోపల చక్రం ఊపిరి పీలుస్తున్నట్టు కదలడం చూపించాడు. ఒక్కొక్కరూ లేచి వచ్చి ప్లేటు చుట్టూ మూగారు. వకీలు కూడా నోరు మూసుకుని చూశాడు. తర్వాత తన పధ్నాలుగో ఏట జరిగింది చెప్పాడు. వాళ్ల నాన్న పెద్దకొడుక్కి ఉద్యోగం వచ్చిందని ఈ వాచీ కొనిపెట్టాడు. ఆదివారం మధ్యాహ్నం అన్న కునుకు తీస్తుంటే తమ్ముడు దాన్ని తీసి, గుండుసూదితోనూ చాకు మొనతోనూ మొత్తం విప్పేశాడు. భయపడుతూ మళ్లీ బిగించాడు. నడిచింది. కానీ ఒక మర మిగిలిపోయింది, ఆవగింజలో సగం ఉంటుంది. అది ఎక్కడిదో తెలియలేదు. అన్న లేచి చూశాడు, మర చూశాడు, వాచీ చేతికి పెట్టుకున్నాడు. నాన్నకి చెప్పలేదు.

"మా అన్న మీలో చాలామందికి తెలుసు" అన్నాడు. "ఎప్పుడూ నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చేవాడు. మా వదిన జన్మంతా తిట్టింది. తప్పు ఆయనది కాదండీ. ఆ మర లేక ఈ వాచీ ముల్లు ఎంత సరిచేసి పెట్టినా నాలుగు నిమిషాలు వెనక్కి జారి, అక్కడినుంచే నడుస్తుంది. ఆయన వేరే వాచీ కొనుక్కోలేదు, సంగతి ఎవరికీ చెప్పనూలేదు."

హాల్లో అందరూ నావైపు చూశారు. నేను ఎవరివైపూ చూడలేదు, చేతిలో గడియారం వైపు చూశాను. దాని మూత లోపలివైపు, ఒక మూల, లక్కతో అంటించి ఉంది ఆ మర. నేనిన్నాళ్లూ అది మచ్చ అనుకున్నాను. ముల్లు పదహారో నిమిషం దాటింది. పద్దెనిమిది దాటింది.

"దుకాణం పెట్టిన మొదటిరోజే అడిగాను. ఇలా ఇవ్వన్నయ్యా, అయిదు నిమిషాల పని, బిగించేస్తానని. ఇవ్వలేదు. ఏటా అడిగాను. ఏటా ఒకే మాట అని నవ్వేవాడు. మా అన్న ఏమనేవాడంటే…"

పాలు పొంగేముందు గిన్నెలో ఒక్క క్షణం చప్పుడు ఆగుతుంది. పొయ్యి దగ్గర బతికినవాళ్లకి అది చెవికి తెలుస్తుంది. ఆ మాట ఒక్కటి చెప్పాడా, ప్రసంగం అయిపోతుంది. అయిపోతే పేజీ మూసేస్తారు, పూలగుత్తి ఇస్తారు. ఆ మాట ఏమిటో వినాలని ఆ హాల్లో నాకున్నంత ఆశ ఇంకెవరికీ లేదు. ముల్లు పందొమ్మిది మీద ఉంది.

టక్.

మూత పడగానే మా మరిది ఆగిపోయాడు. నోరు ఇంకా తెరిచే ఉంది. దాన్ని మూసుకుని, భూతద్దం తీసి జేబులో వేసుకుని, కూర్చున్నాడు. పళ్ల డాక్టరు కంగారుపడి, ఫర్వాలేదండీ, ఆ ఒక్క వాక్యం పూర్తి చేయండి అని బతిమాలాడు. అందరూ బతిమాలారు.

"ముప్పై నాలుగేళ్లు ఎవరికీ ఇవ్వని నిమిషం నాకు నేను ఎలా ఇచ్చుకుంటానండీ" అన్నాడు మా మరిది.

రిజిస్టరు రాసేది హెడ్మాస్టరు. ఆయన కలం మూత తీశాడు. పన్నెండేళ్ల కిందట ఆయనే మాట్లాడుతుండగా వానకి కప్పు కారి ప్రసంగం మధ్యలో ఆగిపోతే, సగం ప్రసంగం ప్రసంగమే కాదని పట్టుబట్టి 'అసంపూర్తి' అని రాయించుకుని, తర్వాత వారం మిగతా సగం చెప్పినవాడు. అప్పుడు కిటికీ దగ్గర నేనున్నాను. ఆ సంగతి నాకు గుర్తుంది. ఆయనకీ గుర్తుంది. గుండ్రని అక్షరాలతో 'అసంపూర్తి' అని తీరుబడిగా రాసి, కింద గీత కూడా గీశాడు.

అయితే వచ్చే గురువారం పూర్తి చేయించండి అన్నాడు డాక్టరు. హెడ్మాస్టరు గోడమీది జాబితా చూశాడు. వచ్చే గురువారం తేనెటీగలు పెంచేవాడు. ఆపై వారం గాజు ఊదేవాడు. అలా పదహారు వారాలు నిండిపోయి ఉన్నాయి. నింపింది మా మరిదే. పదహారు వారాలు గడిచి డాక్టరు మళ్లీ జాబితా వైపు చూసేసరికి ఇంకో పదహారు వారాలు నిండి ఉన్నాయి. అప్పుడు డాక్టరు పెద్దగా నవ్వి రిజిస్టరు మూసేశాడు. మంచివాడే, కాస్త ఎక్కువ చదువుకున్నవాడు కనుక అర్థం కావడానికి టైము పట్టింది. ఫోన్ల అబ్బాయికి ఫోన్ల కుర్చీ అని ఇంకో కుర్చీ వేశారు. గడియారాల కుర్చీ జోలికి ఎవరూ రాలేదు.

అతను మాట్లాడిన ఆ గురువారం ఇంటికి వస్తూ మరిది గిన్నెల సంచీ ఒకవైపు పట్టుకున్నాడు, నేనొకవైపు. అచ్చాఫీసు చప్పుడు వినపడనంత దూరం వచ్చాక అన్నాడు:

"పందొమ్మిదికే మూశావు."

"నా కళ్లకి ఇరవై అనిపించింది."

"నీ కళ్లకి ఇప్పటికీ సూదిలో దారం పడుతుంది వదినా."

"ముందు చూసి నడు, రాయి ఉంది" అన్నాను. రాయేమీ లేదు. అతనికీ తెలుసు.

ఆ తర్వాత ఆరేళ్లు బతికాడు. ఒక్క గురువారం మానలేదు. అతను వచ్చి కూర్చోగానే ఎవరో ఒకరు "మీ అన్నగారు ఏమనేవారండీ?" అని ఆటపట్టించేవారు. "నా వంతు రానివ్వండి" అనేవాడు. పోయింది కూడా ఒక శనివారం, గురువారం కాకుండా చూసుకున్నాడు. రిజిస్టరులో అతని పేజీ ఇంకా తెరిచే ఉంది. హెడ్మాస్టరు గీసిన గీతతో సహా చూశాను. ఇప్పుడు మూత నన్నే వేయమంటున్నారు. ఫలహారం వేరేవాళ్లు చేస్తున్నారు, దుంపలు సరిగ్గా ఉడకడం లేదు. నేను కుర్చీలో కూర్చుని ఇరవైకి టక్ అనిపిస్తున్నాను. పందొమ్మిదికి ఇంకెవరికీ వేయలేదు.

మా ఆయన వాచీకి ఇప్పటికీ కీ ఇస్తున్నాను. నాలుగు నిమిషాలు వెనకే నడుస్తుంది. దాని వెనకే ఆయన వస్తున్నట్టుంటుంది. ఇదంతా తెలిసి ఉంటే తిట్టేదాన్ని కాదా అంటే, తిట్టేదాన్నే, కానీ కొంచెం నిదానంగా తిట్టేదాన్ని.

ఆయన ఏమనేవారో నాకు తెలియదు. అడిగితే మరిది చెప్పేవాడే. అడగకుండానే ఒకసారి చెప్పబోయాడు కూడా. ఏదో గురువారం, హాలు ఖాళీ అయ్యాక, నేను ప్లేట్లు తీస్తుంటే అలాగే కూర్చున్నాడు. కింద యంత్రాలు ఇంకా మొదలుకాలేదు.

"చెప్పేయనా వదినా, అన్నయ్య ఏమనేవాడో?"

చేతిలో ప్లేటు దించి, అతని కప్పు ముందుకి జరిపాను.

"ముందు టీ తాగు" అన్నాను. "చల్లారిపోతోంది."